కీర్తిశేషుడు చిట్టియ్య

ఆ ఆఫీసుకి వచ్చిన ప్రతి ఉద్యోగపు అర్జీలోనూ ఒక తండ్రి చచ్చిపోయేవాడు.

ఈ సంగతి చిట్టియ్యకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కాలవ గట్టు మీది ఆ పెంకుటాఫీసులో ఇరవై వేసవులుగా పంకా లాగుతున్నవాడు అతనే. లోపల పెద్ద బల్ల మీదుగా దూలానికి వేలాడే గుడ్డ పంకా, దాని తాడు కప్పీ మీదుగా గోడలో కన్నంలోంచి వరండాలోకి వస్తుంది, ఆ తాడు కొసన చిట్టియ్య. మాలపేట మనిషి కనక గుమ్మం దాటి లోపలికి వెళ్ళే వీల్లేదు. లోపలి మాటలు బయటికి రావడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. హెడ్డు గుమస్తా భీమశంకరం గారు అర్జీని ఇంగ్లీషులో ఇంజనీరు దొరకి చదివి వినిపిస్తాడు, తరవాత దాని సారం తెలుగులో మిగతా ఇద్దరు గుమస్తాలకీ చెబుతాడు, ముగ్గురూ నవ్వుకుంటారు. ఇరవై ఏళ్ళు విన్నాక చిట్టియ్యకీ ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చాయి. బెగ్గు, ఫాదరు, డెడ్డు, యువరానరు. మిగతాది రాకపోయినా నష్టం లేదు, ఏ అర్జీలోనైనా ఉండేవి అవే.

"తండ్రి పోయాడుట. ముసలి తల్లిట. తినేవాళ్ళు పదకొండుమందిట. ఇంక తమరే తల్లీ తండ్రీనిట," అని భీమశంకరం గారు తెలుగు చేసేవాడు. "ఈ జిల్లాలో తండ్రి బతికున్నవాడు ఒక్కడూ ఉద్యోగం అడగడేంటర్రా?"

చిట్టియ్య తాడు ఆపకుండానే మొహం పక్కకి తిప్పి వరండా కిందికి ఉమ్మేసేవాడు. కన్నవాణ్ణి కాయితం మీద చంపి, ఆ శవాన్ని చూపించి ముష్టెత్తుకునే చదువుకున్నవాళ్ళంటే అతనికి మహా రోత. పేటలో కోతకి వెళ్ళే కూలివాడు కూడా నిలబడి, కోస్తాను, ఇంతివ్వండి అని అడుగుతాడు. కోటు తొడుక్కున్న వీళ్ళకేం రోగమో అతనికి అంతుపట్టేది కాదు.

ఆ సోమవారం అర్జీలేవీ రాలేదు గాని కబురొకటి వచ్చింది. కాలవలో పడవలు దాటించే దిగువ లాకు గుమస్తా సామర్లకోట బదిలీ అయ్యాడు. ఆ పని ఖాళీ. శనివారంలోగా అర్జీలు రావాలి, ఎవరి అర్జీ వాళ్ళు సొంత దస్తూరీతో రాయాలి. దొర చెప్పడం, హెడ్డు గారు తిరగ చెప్పడం చిట్టియ్య కన్నంలోంచి విన్నాడు. విన్న దగ్గర్నుంచి అతని చేతులు తాడు మీద ఉన్నాయే గాని మనసు మాత్రం పేటలో ఉంది.

పొద్దు వాలకముందే ఇంటికి చేరాడు. కొడుకు ఏసుపాదం అరుగు మీద కూచుని రేకు పెట్టెకి తాళం బిగిస్తున్నాడు. ఏడేళ్ళప్పుడు రాజమండ్రి మిషను బడికి వెళ్ళినవాడు పరీక్ష పూర్తి చేసుకుని కిందటి నెలే తిరిగొచ్చాడు. వచ్చిన వారానికే ఒక కూలీల మేస్త్రీ వాణ్ణి పట్టుకున్నాడు. పై నెల కాకినాడ రేవులో ఓడెక్కించి బర్మాలో రంగానికి, అదే రంగూనుకి, కూలికి తీసుకుపోతానన్నాడు. అప్పట్నించీ తల్లి సూరమ్మ ఆ పెట్టె వంక చూడ్డం మానేసింది. పేటలోంచి రంగం వెళ్ళినవాళ్ళు ఆరుగురు, తిరిగొచ్చింది ఒకడు, వాడూ దగ్గుతూ వచ్చాడు.

"పెట్టి సర్దడం ఆపు. దిగువ లాకులో గుమస్తా పని ఖాళీ అయింది," అన్నాడు చిట్టియ్య.

"మనకిస్తారా నాన్నా?"

"ఇవ్వడం దొర సేతిలో ఉంది, రాయడం నీ సేతిలో ఉంది. ఇలా రా, కూకో. ఎలా రాయాలో నేను సెబుతాను."

చదువురాని తండ్రి అర్జీ ఎలా రాయాలో చెబుతాననేసరికి ఏసుపాదానికి నవ్వొచ్చింది గాని, నవ్వలేదు. చిట్టియ్య తుండుగుడ్డ తీసి అరుగు దులిపి ఎదురుగా కూచున్నాడు.

"కాళ్ళ మీద పడుతున్నానని మొదలెట్టావా, దొర ఇనడు. సుట్ట ముట్టించుకుంటాడు. అగ్గిపుల్ల గీసిన సప్పుడు ఇనపడిందంటే ఆ అర్జీ అయిపోయినట్టే. ఎన్ని సూశానో లెక్కలేదు. ఓసారి ఓ పడవ గుమస్తా నాలుగంటే నాలుగే ముక్కలు రాశాడు. ఏం వచ్చో రాశాడు, ఎక్కడ పన్జేశాడో రాశాడు, అంతే. దొర మళ్ళీ సదవమన్నాడు. పని వాడికే ఇచ్చాడు."

"మరీ నాలుగు ముక్కలైతే పొగరనుకోరా నాన్నా?"

"పనికొచ్చేవోడనుకుంటారు. నీళ్ళ మట్టం సదవడం నీకొచ్చు గదా?"

"వచ్చు. చిన్నప్పుడు లాకు రాతి మీద గీతలు నువ్వే చూపించావుగా."

"అది రాయి. పడవలు లెక్క రాయగలనని రాయి. అర్ధరేత్రి వరదొచ్చినా మేలుకుని తలుపులెత్తిస్తానని రాయి. కింద నీ పేరెట్టు. సాలు."

సూరమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పి, "ఆ పని దొరికితే రంగం ఎల్లవుగా?" అంది.

"దొరికితే ఎందుకెళ్తానే అమ్మా," అన్నాడు ఏసుపాదం. ఆ రాత్రి ఆవిడ ఇద్దరికీ చేపల పులుసులో పెద్ద ముక్కలే వేసింది.

బుధవారం మధ్యాహ్నం ఎండ కాలవ మీద పడి కళ్ళలో గుచ్చుకుంటోంది. చిట్టియ్య అరచేతులకి గుడ్డ చుట్టుకుని తాడు లాగుతున్నాడు. చేతులు పీకినప్పుడు తాడు కాలి బొటనవేలికి తగిలించి, కాలు చాపుతూ ముడుస్తూ లాగేవాడు. అలా కాలు చాపి ఎదురుగా చూసేసరికి గట్టు కింద లోవరాజు పాకలో ఏసుపాదం కనిపించాడు.

లోవరాజు అర్జీలు రాయించే మనిషి. రాత పెట్టె ముందేసుకుని తాటాకు పాకలో కూచుంటాడు. అతని పాకలోంచి, అతనిచ్చిన కవరులో రాని అర్జీ భీమశంకరం గారి బల్ల దాటి దొర దాకా వెళ్ళదని లాకు దగ్గర అందరికీ తెలుసు. వాళ్ళిద్దరికీ మధ్య ఏం నడుస్తుందో కూడా అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సొంత దస్తూరీ కావాలని దొర నియమం పెట్టాక లోవరాజు తను రాయడం మానేసి చెప్పి రాయిస్తున్నాడు. ఏసుపాదం తెచ్చిన అరటిగెల పాక నిట్టాడి గుంజకి ఆనించి ఉంది. వాడు పాక బయట, ఎండలో, మట్టిలో గొంతుక్కూచుని, అట్ట మోకాళ్ళ మీద పెట్టుకుని రాస్తున్నాడు.

చిట్టియ్యకి మాటలు వినపడలేదు, చేష్టలు మాత్రం కనిపించాయి. లోవరాజు కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. ఒకచోట రెండు చేతులూ జోడించాడు. ఇంకోచోట గుండె మీద చెయ్యేసుకున్నాడు. అంతలో కొడుకు కలం ఆపి తలెత్తి ఏదో అడిగాడు. లోవరాజు కళ్ళు తెరిచి ఆఫీసు వేపు, తిన్నగా ఈ వరండా వేపు, గడ్డం విసిరి చూపించాడు. కొడుకు ఇటు తిరిగి చూడలేదు. చాలాసేపు తల వంచుకుని కూచుని, మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి కాయితం తిరగేశాడు.

నాలుగు ముక్కలకి రెండో పక్క ఎందుకని చిట్టియ్య ఒళ్ళు మండిపోయింది. దిగి వెళ్ళి ఆ కాయితం లాక్కుందామనిపించింది. తాడు వదిలితే పంకా ఆగుతుంది, పంకా ఆగితే దొర లేస్తాడు. కూచున్నాడు. రాత అయ్యాక లోవరాజు సిరా ఆరడానికి కాయితం మీద చారెడు ఇసక చల్లించి, దులిపించి, మడత పెట్టించాడు. కవరు మాత్రం తనే ఇచ్చాడు, వాడి చేతికి కాదు, నేల మీద పడేశాడు. ఏసుపాదం తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

సాయంత్రం చిట్టియ్య, "ఏం రాయించాడు?" అని అడిగాడు.

"నువ్వు చెప్పిందే నాన్నా. కొంచెం మర్యాద కలిపాడు."

"మర్యాదకి రెండో పక్కంతా పట్టిందా?"

వాడు పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. సూరమ్మ, "తిననియ్యి, ఆడికి తెలీదా?" అని మొగుడికి అడ్డం పడింది. ఆవిడ ఎప్పుడూ అలా అడ్డం పడే మనిషి కాదు.

శనివారం పద్నాలుగు అర్జీలు వచ్చాయి. దొర పదిగంటలకే వచ్చి కూచున్నాడు. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు, దొర ఆ పని చూడ్డానికి మధ్యాహ్నం పడవలో వెళ్ళాలి, అందుకని తొందరగా ఉన్నాడు. భీమశంకరం గారు కవర్లు చింపుతూ చదవసాగాడు. మొదటిదానికే ఫాదరు డెడ్డు. అగ్గిపుల్ల చప్పుడైంది. రెండోదానికి ఫాదరూ మదరూ ఇద్దరూ డెడ్డు. మూడోది సగంలోనే బుట్టలో పడింది. గుమస్తాలు నవ్వారు. చిట్టియ్యకి మామూలుగా వచ్చే రోత ఆ పూట రాలేదు. ప్రతి పేరుకీ చెవి రిక్కించి వింటున్నాడు.

తొమ్మిదో కవరు చింపాక ఏసుపాదం పేరు వినపడింది.

యువరానరు వచ్చింది. బెగ్గు వచ్చింది, రెండుసార్లు వచ్చింది. చిట్టియ్య పళ్ళు నూరాడు. తరవాత గేజి అన్న మాట వచ్చింది, నీళ్ళ మట్టం రాతికి లాకు దగ్గర అందరూ అనేదే, ఆ వెంటనే బోట్సు. అవి తను చెప్పిన ముక్కలే. అగ్గిపుల్ల గీసిన చప్పుడు కాలేదు. దొర ఏదో అడిగాడు, భీమశంకరం గారు ఆ వాక్యం మళ్ళీ చదివాడు. మళ్ళీ చదివాడు! చిట్టియ్య చేతులు తనకి తెలియకుండానే తాడుని దబదబా లాగేశాయి, లోపల బల్ల మీది కాయితాలు ఎగిరి పడ్డాయి.

"ఒరే, మెల్లిగా లాగు. నీకు పూనకమేంట్రా?" అని హెడ్డు గారు కేకేశాడు.

కాయితాలు ఏరుకుని మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. రెండో పక్క వచ్చింది. ఫాదరు అన్న మాట వినపడింది. చిట్టియ్య తాడు సగం లాగి ఆగాడు. ఆ తరవాత డెడ్డు. డెడ్డుకి ముందు అతని సొంత పేరు.

దొర కుర్చీ వెనక్కి జరిగింది. గట్టిగా ఏదో అన్నాడు. భీమశంకరం గారు దాన్ని గుమస్తాలకి తెలుగు చేశాడు. "కుర్రాడు పనికొస్తాడంటున్నారు. కాని తండ్రి నిజంగా చచ్చాడో లేదో కనుక్కోమంటున్నారు. పోయిన నెల ఒకడు తల్లి పోయిందని రాసి చేరాడు, ఆవిడ శుభ్రంగా అన్నం క్యారేజీ పట్టుకుని ఆఫీసుకొచ్చింది గదా. వాడి పేరు నల్ల పుస్తకంలో ఎక్కించారు, ఇక ఏ కాలవ మీదా వాడికి పని పుట్టదు. అబద్ధమైతే వీడిదీ అదే గతిట."

చిట్టియ్య తాడు లాగుతున్నాడు. కప్పీ కిర్రుమంటోంది. లోపల దొర ఉన్నాడు, బల్ల మీద కొడుకు అర్జీ ఉంది, ఆ అర్జీలో తను చచ్చి ఉన్నాడు. వీటిలో ఏదీ అబద్ధంలా అనిపించడం లేదు, అదే అతనికి అన్నిటికన్నా అసహ్యంగా ఉంది.

భీమశంకరం గారు గుమ్మంలోకి వచ్చాడు. "ఒరే చిట్టియ్యా, ఏసుపాదం అనేవాడు మీ పేటవాడేనా?"

"ఆయ్, మా పేటోడేనండి."

"వాడి బాబు పేరూ చిట్టియ్యేనట. మీ పేటలో చిట్టియ్యలు ఎంతమందిరా?"

ఇరవై ఏళ్ళలో నీకు పిల్లలున్నారా అని ఆ ఆఫీసులో ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు కూడా ఆ ప్రశ్న వాళ్ళకి తట్టలేదు. నేనేనండి వాడి బాబుని అంటే అయిపోతుంది, రోత వదిలిపోతుంది. వాడి పేరు నల్ల పుస్తకంలో ఎక్కుతుంది, పై నెల ఓడెక్కుతాడు. చిట్టియ్య తాడు వంక చూస్తూ జవాబు చెప్పాడు.

"ఇద్దరండి."

"నువ్వొకడివి. రెండోవాడు?"

"రెండోవోడు పోయాడండి."

"ఎప్పుడు?"

"గాలివానొచ్చిన ఏడాదండి. జొరమొచ్చి పోయాడండి."

దొర కూడా గుమ్మం దాకా వచ్చాడు. తెలుగు పరీక్ష ప్యాసైన దొర, నాలుగు మాటలు కూడదీసుకుని మాట్లాడగలడు. "ఆ తండ్రి మంచి మనిషి ఉండెనా?" అని అడిగాడు.

చిట్టియ్య తాడు లాగుతూనే ఉన్నాడు. "తాగేవోడు కాదండి," అన్నాడు. మరో లాగు లాగి, "ఒక్క పూట పని మానేవోడు కాదండి," అన్నాడు.

దొర తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. భీమశంకరం గారు ఒక కాయితం మీద రెండు వాక్యాలు గీకి, సిరా గుడ్డతో బయటికొచ్చి, వరండా చివర రాతి మీద పెట్టి దూరంగా జరిగాడు. "ఫలానా చిట్టియ్య చనిపోయిన మాట నేనెరుగుదును అని నీ సాక్ష్యం. వేలిముద్ర వెయ్యి. తాడు ఎడం చేత్తో లాగు, ఆపకు."

చిట్టియ్య ఎడం చేత్తో పంకా లాగుతూ కుడి బొటనవేలు సిరాలో అద్ది తన చావు మీద ముద్ర వేశాడు. సిరా ఎక్కువైంది. తాడు మళ్ళీ రెండు చేతులా పట్టుకునేసరికి తాడుకీ అంటింది.

ఇంటికి వెళ్ళేసరికి ఏసుపాదం గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమైంది నాన్నా?"

"నీ బాబు పోయాడు. నీకు పని దొరికింది," అన్నాడు చిట్టియ్య.

సూరమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. వాళ్ళిద్దరి మొహాలూ చూశాక చిట్టియ్యకి ఇంక అడగాల్సిందేమీ కనిపించలేదు. అయినా అడిగాడు. "నీకూ తెలుసా?"

"సెప్పాడు," అంది ఆవిడ. "రంగం ఎల్లి ఆడు నిజంగా సచ్చే కంటే కాయితం మీద నువ్వు సావడం నయం కాదా? అందరూ రాసేదే గదా. నీకేటి, ఒంట్లో ముల్లైనా గుచ్చుకుందా?"

"నేను వద్దన్నాను నాన్నా," అన్నాడు ఏసుపాదం. "నీ బాబు పంకా లాగేవాడని రాస్తే హెడ్డు గారు ముట్టుకోరన్నాడు లోవరాజు గారు. పంకా వాడి కొడుకు గుమస్తాగా వచ్చి ఆ పంకా కిందే కూచుంటే తోటి గుమస్తాలు ఊరుకుంటారా అన్నాడు. రాయకపోతే కవరివ్వనన్నాడు."

"కవరు నేల మీద పడేశాడు. నువ్వు కళ్ళకద్దుకున్నావు."

చిట్టియ్య నూతి దగ్గరికి వెళ్ళి బొటనవేలు ఇసకతో తోమాడు. నలుపు పోలేదు. చర్మం ఎర్రబడే దాకా తోమాడు. తనని చూసుకుంటే తనకే రోతగా ఉంది. ఇన్నాళ్ళూ ఎవరి మీదైతే ఉమ్మాడో, వాళ్ళందరి తండ్రులూ ఇలాగే ఏ నూతి దగ్గరో చేతులు తోముకుని ఉంటారన్న ఆలోచన అప్పుడే మొదటిసారి వచ్చింది. ఆ ముసలాళ్ళ మీద జాలి కలిగింది గాని, కొడుకుల మీద రోత మాత్రం తగ్గలేదు.

ఆదివారం మిషను గుడిలో సూరమ్మ చాలాసేపు మోకాళ్ళ మీద ఉండిపోయింది. చిట్టియ్య గుడికి వెళ్ళలేదు.

సోమవారం ఏసుపాదం ఉద్యోగంలో చేరాడు. లాకుకి పంపే ముందు పదిహేను రోజులు ఆఫీసులో పని నేర్చుకోవాలి. తెల్ల కోటు పాతదే, మిషను దొరసాని ఇచ్చింది, సూరమ్మ గంజి పెట్టి ఉతికింది. పొద్దున్న ఇద్దరూ ఇంట్లోంచి వేరు వేరుగా బయల్దేరారు. తండ్రి ముందు వెళ్ళాడు. కొడుకు గంట ఆగి వెళ్ళాడు. ఆ గంట ఎవరూ చెప్పింది కాదు, ఇద్దరికీ దానంతట అదే తోచింది.

చిట్టియ్య తాడు చేతికి తీసుకునేసరికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వాడు మెట్ల కిందే చెప్పులు విడిచి, పైకొచ్చి, వరండా దాటి, గుమ్మం ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు. గుమ్మం దాటాడు. లోపల ఓ మూల వేరుగా ముక్కాలి పీట, చిన్న డెస్కు వేసి ఉంచారు. ఇరవై ఏళ్ళు తను దాటని గుమ్మం కొడుకు దాటేసరికి చిట్టియ్య గుండె పొంగింది. అది నిజం, దాచేది కాదు. ఆ పొంగు ఓ గంట ఉంది.

బుధవారం నాటికి వాడికి ఆఫీసు పని పట్టుబడింది. దస్తూరీ బావుందని దొర మెచ్చుకున్నాడు. భీమశంకరం గారు తన పని కొంత వాడి నెత్తిన రుద్దాడు. గురువారం పొద్దున్న లాకు తలుపులెత్తే లస్కర్ల మీద మేస్త్రీ పనికి అర్జీలు వచ్చాయి, ఏడో ఎనిమిదో ఉన్నాయి. "నా గొంతు బాలేదు, కొత్త గుమస్తా చదువుతాడు," అన్నాడు హెడ్డు గారు.

కన్నంలోంచి కొడుకు గొంతు వినపడింది. మిషను బడిలో నేర్చిన ఇంగ్లీషు, నదురూ బెదురూ లేకుండా చదువుతున్నాడు. చిట్టియ్య తాడు మెల్లిగా, పొడుగ్గా లాగాడు, వాడికి గాలి బాగా తగలాలని. యువరానరు. బెగ్గు. దొర అగ్గిపుల్ల గీశాడు.

ఫాదరు, అన్నాడు కొడుకు. అని ఆగాడు. చిట్టియ్యా ఆగాడు. వాడు మళ్ళీ అందుకుని డెడ్డు కూడా చదివేశాడు.

"ఏంటిట? తెలుగులో చెప్పు వీళ్ళకి, నేనెప్పుడూ చెబుతానుగా," అన్నాడు భీమశంకరం గారు.

"తండ్రి... పోయాడటండి. తల్లి ముసలిదటండి," అన్నాడు ఏసుపాదం.

"అయ్యో పాపం! ఎన్నోవాడు చచ్చాడర్రా ఈ నెల?" అని హెడ్డు గారు అనగానే గుమస్తాలిద్దరూ ఘొల్లుమన్నారు. "ఏమోయ్, నువ్వు నవ్వవేం? మీ బాబు నిజంగానే పోయాడు కనక నీకు నవ్వు రాదా? ఇవన్నీ దొంగ చావులోయ్, నవ్వొచ్చు."

ముక్కాలి పీట కదిలిన చప్పుడైంది. ఆ తరవాత ఏసుపాదం నవ్వాడు. మొదట ముక్కుతో, చిన్నగా. గుమస్తాలు మళ్ళీ నవ్వేసరికి వాళ్ళతో పాటు పైకే నవ్వాడు. ఆ నవ్వు చిట్టియ్యకి బాగా తెలుసు, ఉయ్యాల దగ్గర్నుంచి తెలుసు.

చిట్టియ్య తాడు లాగడం మానేశాడు.

కోపం వచ్చి కాదు. చేతులు ఇంక లాగలేమన్నాయి. లోపల పంకా రెండు ఊపులు ఊగి నిలిచిపోయింది. కప్పీ చప్పుడు ఆగేసరికి కాలవ తూముల్లో నీళ్ళు పడుతున్న హోరు వరండా దాకా వినపడింది. ఈ చోట కూచుంటే ఆ హోరు వినపడుతుందని ఇరవై ఏళ్ళుగా అతనికి తెలియనే తెలియదు.

దొర విసుక్కుంటూ ఏదో అన్నాడు. "ఒరే చిట్టియ్యా, నిద్రపోయావా?" అని భీమశంకరం గారు అరిచాడు. మళ్ళీ అరిచాడు. "ఏమోయ్ ఏసుపాదం, నువ్వెళ్ళి వాణ్ణి ఓ తన్ను తన్ని రా. మీ పేటవాడేగా, నువ్వు ముట్టుకోవచ్చు."

ఏసుపాదం వరండాలోకి వచ్చాడు. తండ్రి నిద్రపోవడం లేదు. గోడకి ఆనుకుని, తాడు ఒళ్ళో పెట్టుకుని, అరచేతులకి చుట్టిన గుడ్డ విప్పుకుంటున్నాడు. వాడు ఒకసారి వెనక్కి, గుమ్మం వేపు చూసుకున్నాడు. దగ్గరగా వంగాడు.

"నాన్నా, లాగు. దొర ఉన్నాడు," అన్నాడు గుసగుసగా. "ఏం చెయ్యమంటావు నన్ను? నవ్వకపోతే అనుమానం రాదా? పదిహేను రోజులే నాన్నా, తరవాత లాకుకి వెళ్ళిపోతాను."

చిట్టియ్య కొడుకు మొహంలోకి చూశాడు. చెమట పట్టి ఉంది, భయంగా ఉంది, కోటు మెడ దగ్గర గంజి కరిగి నలిగింది. వాణ్ణి తిడదామనుకున్నాడు. తిట్లేవీ రాలేదు.

"నేనేం అనుకోవడం లేదురా," అన్నాడు. "సచ్చినోడు ఏం అనుకుంటాడు?"

లేచి నిలబడ్డాడు. నడుం పట్టేసింది, గోడ పట్టుకుని సర్దుకున్నాడు. కొడుకు కుడి చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, అందులో తాడు పెట్టి, వేళ్ళు మూశాడు. చిన్నప్పుడు లాకు రాతి మీద గీతలు లెక్కపెట్టించేటప్పుడు కూడా అతను వాడి చెయ్యి ఇలా పట్టుకోలేదు. తుండుగుడ్డ భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

"నాన్నా," అన్నాడు ఏసుపాదం. లోపలికి వినపడకుండా అన్నాడు.

చిట్టియ్య వెనక్కి తిరగలేదు. గట్టు మీద పడి నడిచిపోతున్నాడు, ఇంటి వేపు కాదు, ఎగువకి. లోవరాజు పాకలో ఎవడో కుర్రాడు కళ్ళజోడు సర్దుకుంటూ అట్ట మీద రాసుకుంటున్నాడు. చిట్టియ్య అటు చూసి కూడా ఉమ్మలేదు.

లోపల కుర్చీ కిర్రుమంది. దొర లేస్తున్నట్టుంది. "గాలేదిరా? లేచాడా లేదా?" అని భీమశంకరం గారి కేక వినపడింది.

ఏసుపాదం చేతిలో తాడు ఉంది. గుమ్మం వేపు చూశాడు, గట్టు వేపు చూశాడు. తాడు లాగాడు. కప్పీ కదిలింది. ఇంకోసారి లాగాడు.

"ఆ, లేచాడు," అన్నాడు భీమశంకరం గారు లోపల.